చంద్రయ్య అండ్ సన్స్ పంపిన రిక్వెస్ట్

మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గర ఒక సర్కారు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రూతుకు పుస్తకంలో అచ్చేసిన తెలుగు మాటలంటే ఒళ్లు మంట. ఇంటర్నెట్‌ను పుస్తకం అంతర్జాలం అంటుంది, డౌన్‌లోడ్‌ను దింపుకోలు అంటుంది. ఆ మాటలు పరీక్ష కాగితం మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా వినపడవని ఆమె వాదన. ఏ తండా పిల్లవాడైనా వాళ్లన్న దగ్గరికి పోయి, ఒక పాటను దింపుకోలు చేసిపెట్టమని అడిగిన పాపాన పోయాడా? అందుకని పుస్తకం పక్కన పెట్టి తన తీరులో చెప్పుకుపోతుంది. ఫోల్డర్ అంటే ఇంట్లో సందుగ. ఫైలంటే ఆ సందుగలో మడతపెట్టిన చీర. డిలీట్ కొట్టింది రీసైకిల్ బిన్‌లోకి పోవడమంటే పాత సామాను అటక మీదికి ఎక్కించడం, బుద్ధి పుడితే మళ్లీ దించుకోవచ్చు. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పోలికలుండవు, హెచ్చరికే ఉంటుంది. కన్నతల్లి అడిగినా చెప్పొద్దని చెప్పినందుకు ఒక తల్లి బడికే వచ్చి, నా బిడ్డ నా దగ్గర దాచుకునేంత రహస్యమేముందని నిలదీసింది. రూతు ఆమెను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఆమె ఫోన్‌కే ఒక పాస్‌వర్డ్ పెట్టించి పంపింది.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. కోపం ముక్కు మీదనే ఉంటుంది. పిల్లలు ఆమెకు భయపడతారు కానీ కంప్యూటర్ పీరియడ్‌కు మాత్రం ఒక్కరూ ఎగ్గొట్టరు. ఆ గదిలో నడిచే సిస్టమ్‌లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెడుతుంది. జూన్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే ఏడాదంతా వాళ్లే. కొట్లాడుకున్నా సరే, ఏడ్చి మొత్తుకున్నా సరే, జంట మార్చదు. ఈ పట్టుదల ఎందుకో పిల్లలకు తెలియదు, హెడ్‌మాస్టర్‌కు అసలే తెలియదు.

ఎప్పుడూ గలగలమనే ఆ గొంతు ఒక్క పాఠం రోజు మాత్రం కాస్త తగ్గేది. అది సెర్చ్ పాఠం. ఆ రోజు పిల్లలకు ఇష్టమున్న పేరు కొట్టి వెతుక్కొమ్మని వదిలేసేది. ఒకడు క్రికెటర్ పేరు కొడతాడు, ఇంకొకతె తన పేరే కొట్టుకుని లోకంలో ఇంతమంది ఉన్నారా అని నోరు తెరుస్తుంది. పిల్లలు పోయాక రూతు ఒక సిస్టమ్ ముందు కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, తనకు కావలసిన పేరు కొట్టేది. సుమిత్ర, జనగామ. బొమ్మలు వరుసగా వచ్చేవి. డాక్టర్ సుమిత్ర, అంగన్‌వాడీ సుమిత్ర, గాజుల షాపు సుమిత్ర. ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగి చూసేది. తనకు కావలసిన ముఖం అందులో ఉండేది కాదు.

రూతుది దంతాలపల్లి. తండ్రి యోసేపు చిన్నప్పుడే పోయాడు. తల్లి నాట్లకు, పత్తి ఏరడానికి పోయి బిడ్డను ఇంటర్ దాకా చదివించింది. ఆ తర్వాత జనగామలో ఉండే పెద్దమ్మ, పిల్లను నా దగ్గరికి పంపు, ఏదన్నా పని నేర్పిస్తానంది. పెద్దమ్మ అక్కడ దవాఖానలో ఆయా. ఆమెకు తెలిసిన డాక్టరమ్మ చెప్పగా రూతును ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేర్పించింది. ఆ సెంటర్ ఎరువుల దుకాణం మీద ఉండేది. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, పైకి పోతే ఏసీ చల్లదనం. ఈ రెండూ కలిపి తనకు కంప్యూటర్ వాసన అని రూతు ఇప్పటికీ అంటుంది.

అక్కడ కూడా సిస్టమ్‌లు తక్కువే. సార్ ఒక్కో దాని ముందు ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరి చేతికి మౌస్, ఒకరి చేతికి కీబోర్డు ఇచ్చేవాడు. రూతు మొదటిసారి కీబోర్డు ముందు కూర్చున్న రోజున మౌస్ పట్టుకుని పక్కన కూర్చున్న పిల్ల సుమిత్ర. మార్కెట్ రోడ్డులో వాళ్ల నాయినది హోల్‌సేల్ కిరాణం. కాళ్లకు గజ్జెల పట్టీలు, నోటి నిండా నవ్వు. రూతు ఒక అక్షరం తప్పు కొడితే సార్ వినేలోపే గట్టిగా దగ్గి కప్పిపుచ్చేది. ఇంటి నుంచి కాగితం పొట్లంలో పల్లీలూ బెల్లమూ తెచ్చేది. తెచ్చింది ఇద్దరికీ సమానంగా పంచడం ఆమెకు చేతకాదు, ఎప్పుడూ రూతు వాటాయే ఎక్కువయ్యేది.

కరెంటు పోయినప్పుడు మిగతావాళ్లు కిందికి పోయేవాళ్లు, వీళ్లిద్దరూ చీకటి తెర ముందే కూర్చుని పరీక్షకు మాటలు బట్టీ పట్టేవాళ్లు. ఆ మాటలు ఎంతకూ తలకెక్కకపోతే సుమిత్ర ఒక ఉపాయం కనిపెట్టింది. ఇంట్లోవాళ్లకు ఆ పేర్లు పెట్టేయడం. సుమిత్ర వాళ్ల నాయనమ్మ ముప్పై ఏళ్ల కిందటి మాట కూడా మరిచిపోదు కనుక హార్డ్ డిస్క్. రూతు పెద్దమ్మ పొద్దున అన్నది సాయంత్రానికి మరిచిపోతుంది కనుక ర్యామ్. ఎవరేం చెప్పినా ఊరంతా పంచే పక్కింటామె ప్రింటర్. రూతు ఇప్పుడు బడి పిల్లలకు చెప్పే పద్ధతి ఇదే. పిల్లలు అది మేడం తెలివి అనుకుంటారు. కాదని చెప్పాలని రూతుకు ప్రతిసారీ నోటి దాకా వచ్చేది, ఎవరి తెలివో చెబితే ఆమె ఎక్కడుందని అడుగుతారని ఆగిపోయేది.

ఒకటి చెప్పాలి. సెంటర్‌లో రూతు సీసాలో నీళ్లు సుమిత్ర తాగేది, సుమిత్ర డబ్బాలో పులిహోర రూతు తినేది. కానీ రూతు ఎప్పుడు వాళ్ల దుకాణానికి పోయినా గల్లా ముందు నిలబడి మాట్లాడి రావడమే. గల్లా పక్కనుంచి లోపలికి ఇంట్లోకి దారి ఉంది. ఆ దారి వైపు రమ్మని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, రూతు అడగలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. అన్ని మాటలు మాట్లాడుకున్న ఆ ఇద్దరు ఈ ఒక్క మాట ఎన్నడూ ఎత్తలేదు.

పరీక్ష అయ్యాక ఇద్దరూ బడులలో ఇన్‌స్ట్రక్టర్ పనికి కలిసి అర్జీ పెట్టాలనుకున్నారు. ఒకే బడి దొరక్కపోతే పక్కపక్క ఊళ్లైనా దొరకాలని సుమిత్ర మొక్కుకుంది కూడా. పరీక్ష దగ్గర పడిందనగా ఆమె రావడం మానేసింది. జ్వరమనుకుని రూతు దుకాణానికి పోయింది. వాళ్ల నాయిన మిరపకాయలు తూకం వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, పిల్లకు పెళ్లి కుదిరింది, మానుకోట వాళ్లు, ఇంక కంప్యూటర్‌కు రాదు అన్నాడు. మహబూబాబాద్‌ను ఆ వైపు వాళ్లంతా మానుకోట అనే అంటారు. ఒకసారి చూసిపోతానని అడగడానికి రూతుకు నోరు రాలేదు. మిరప ఘాటుకు కళ్లు మండి, దాన్నే సాకుగా పెట్టుకుని ఏడ్చుకుంటూ తిరిగొచ్చింది. పెళ్లికి పిలుపు రాలేదు. కొన్నాళ్లకు ఆ దుకాణం మూసేసి వాళ్లు హైదరాబాద్ పోయారని తెలిసింది.

భర్త దూరమైతే ఏడవడానికి మనకు పాటలున్నాయి. తల్లి పోతే ఏడవడానికి ఒక తీరుంది, ఓదార్చడానికి నలుగురు వస్తారు. స్నేహితురాలు పోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. రూతు ఒక్కతే పరీక్ష రాసింది, ఒక్కతే అర్జీ పెట్టుకుంది. గూడూరు పక్కన పని దొరికినప్పుడు, మానుకోటలోనే ఇల్లు తీసుకుని రోజూ బస్సులో పోయి వస్తానంది. పెద్దమ్మ అది బస్సుల సౌకర్యం కోసమనుకుంది. అసలు సంగతి అది కాదు.

పెళ్లయింది. భర్త రాజు మోటార్లకు వైండింగ్ చేస్తాడు, నెమ్మదస్తుడు. మానుకోటలో రూతు నెల నెలా ఒక్కో కిరాణంలో సామాను తెచ్చేది. ఒకసారి పోయిన దుకాణానికి మళ్లీ పోయేది కాదు. గల్లా వెనక ఎవరున్నారో, లోపలి గుమ్మం దగ్గర ఎవరి చీర కనబడుతుందో చూసి రావడమే అసలు పని, సామాను కొనడం సాకు. అందరికీ ఒక దుకాణంలో ఖాతా ఉంటుంది, మనకు మాత్రం ఊరంతా బేరమేనని రాజు నవ్వేవాడు. సంగతి విన్నాక నవ్వడం మానేసి, తాను పనికి పోయిన ఇళ్లలో కూడా అడిగేవాడు. జనగామ నుంచి వచ్చిన కోడలు సుమిత్ర అని ఎవరూ చెప్పలేదు.

ఫేస్‌బుక్ వచ్చాక రూతుకు ప్రాణం లేచొచ్చింది. తాను వెతకలేకపోతే, తననే ఆమె వెతుక్కుంటుంది. ఆ ఆశతోనే ఖాతా తెరిచింది. స్పష్టమైన ఫొటో పెట్టింది. దంతాలపల్లి, జనగామ, కంప్యూటర్ సెంటర్ పేరు, బడి పేరు, ఏదీ దాచలేదు. ఆడమనిషివి, లాక్ పెట్టుకోరాదూ అని రాజు అంటే ఆమె ఒప్పుకోలేదు.

"తాళం ఏసుకుంటే వచ్చేటోళ్లు ఎట్ల వస్తరు?" అంది.

వచ్చిన వాళ్లు వచ్చారు. పాత విద్యార్థులు, చర్చి వాళ్లు, రాజు చుట్టాలు. వాళ్లతో పాటు ఒక వింత రిక్వెస్ట్ కూడా వచ్చింది. పేరు చంద్రయ్య అండ్ సన్స్ కిరాణం. ఫొటో ఉండాల్సిన చోట పల్లీ నూనె డబ్బా. ఊరు లేదు, మనిషి పేరు లేదు. రూతు నవ్వుకుని డిలీట్ చేసింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. మళ్లీ తీసేసింది. ఇంతలో బడి వాళ్లు ఒక పేజీ తెరిచి పిల్లల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టారు. ఏ ఫొటో పెట్టినా దాని కింద చంద్రయ్య అండ్ సన్స్ లైక్ బొటనవేలు ప్రత్యక్షం. ఆడపిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చున్న ఫొటోలంటే మరీను. బడి పిల్లల ఫొటోల కింద కిరాణం దుకాణానికేం పని? చంద్రయ్యకు ఎందరు కొడుకులో, అందులో ఏ కొడుకుకు పనీపాటా లేదో అని రూతు పళ్లు నూరేది.

అప్పుడే ఒక ఘోరం విన్నది. వేరే ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లకు ఎవడో ఆడపిల్ల పేరుతో రిక్వెస్ట్ పంపి, స్నేహం కలిపి, ఫొటోలు తీసుకుని బెదిరించాడట. ఆ పిల్ల బడి మానేసింది. రూతుకు నిద్ర పట్టలేదు. మరుసటి పాఠం ఏదైనా సరే ఆపేసి, ఆ మాటలే చెప్పాలనుకుంది. ప్రొఫైల్ అంటే ఏమిటి, ఫేక్ అంటే ఏమిటి, స్పామ్ అంటే ఏమిటి, బ్లాక్ అంటే ఏమిటి. బడికి కొత్తగా గోడంత తెర వచ్చింది. తన ఫోన్‌ను దానికి కలిపి, పిల్లలందరికీ కనబడేట్టు తెరిచింది. చంద్రయ్య అండ్ సన్స్ రిక్వెస్ట్ మూడోసారి వచ్చి ఉంది. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

ఫొటో చూడండి, మనిషి ముఖం లేదు. ఊరు లేదు. పెట్టిన రాతలు లేవు. ఇన్ని లేనివాడికి మనతో పనేమిటని ఒక్కొక్కటే చూపించింది. ముందు వరసలో కూర్చునే సంగీత చెయ్యెత్తింది. తండా పిల్ల, ఊరికే అడగదు.

"మేడం, మనకు తెలిసినోళ్లే వేరే పేరు మీద పంపితే ఎట్ల?"

"మనకు తెలిసినోళ్లు మనకాడ పేరెందుకు దాచుకుంటరు?" అంది రూతు. "పేరు దాచినోడు మంచోడు కాడు. గంతే."

సంగీత కూర్చుంది. రూతు తెర మీద బ్లాక్ అన్న చోట వేలుపెట్టి, పిల్లలందరి చేత ఆ మాట గట్టిగా చదివించి, నొక్కింది. నూనె డబ్బా మాయమైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడి చూస్తున్న హెడ్‌మాస్టర్ అంతకు ముందే ఫొటో తీసి పెట్టుకున్నాడు, గోడంత తెర మీద చంద్రయ్య అండ్ సన్స్, పక్కన వేలు చూపిస్తూ రూతు. తెలియని వాళ్లతో జాగ్రత్త అని రాసి అది బడి పేజీలో పెట్టాడు. రూతు ఆ రోజు అన్నం తృప్తిగా తిన్నది. ఆ తర్వాత పిల్లల ఫొటోల కింద ఆ బొటనవేళ్లు కూడా ఆగిపోయాయి. పీడ విరగడైందనుకుంది.

ఏడాది గడిచింది. చుట్టుపక్కల జిల్లాల్లో కంప్యూటర్ చెప్పేవాళ్లందరికీ భూపాలపల్లిలో శిక్షణ పెట్టారు. రూతు హన్మకొండ మీదుగా బస్సులో వచ్చింది. చెల్పూర్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనబడగానే, ఇంత కరెంటు ఇక్కడ పుడుతుంటే మా బడిలో పీరియడ్ మధ్యలో ఎందుకు పోతుందని పక్క సీటాయనతో తగవు పెట్టుకుంది. ఆయన పాపం ఆ ఫ్యాక్టరీకి సంబంధించిన వాడు కూడా కాదు.

శిక్షణలో మధ్యాహ్నం భోజనాలయ్యాక, తలనొప్పికి జండూబామ్ కొందామని మెయిన్ రోడ్డు మీదికి వచ్చింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, ఎదురుగా బోర్డు. చంద్రయ్య అండ్ సన్స్, కిరాణం అండ్ జనరల్. తలుపు పక్కన పల్లీ నూనె డబ్బాలు పేర్చి ఉన్నాయి.

ఇంకెవరైనా అయితే చూసి నవ్వుకుని పోయేవాళ్లు. రూతు ఆ రకం కాదు. చెంగు నడుముకు దోపుకుని దుకాణంలోకి నడిచింది. గల్లా దగ్గర నలభై ఏళ్ల మనిషి, వెంకటేష్, పొడి కారం పొట్లాలు కడుతున్నాడు. దుకాణంలో వేరే బేరం లేదు. మీ దుకాణం పేరుతో ఫేస్‌బుక్ ఉందా అని అడిగింది. ఉందన్నాడు, ఎప్పుడో ప్రచారానికని తెరిచామన్నాడు. అంతే, రూతు అందుకుంది. ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్లకు రిక్వెస్టులు పంపడమేమిటని, బడి పిల్లల ఫొటోలు చూసుకుంటూ కూర్చునే కొడుకు ఎవరని, పెద్దాయన చంద్రయ్యకు ఇది తెలుసా అని, గుక్క తిప్పుకోకుండా కడిగేసింది. వెంకటేష్ ముఖంలో నెత్తురు లేదు. తాను ఆ ఫోన్‌లో లెక్కలు తప్ప చూడనన్నాడు, తండ్రికి చూపు ఆనదన్నాడు, తమ్ముడు వేరుపడి పోయాడన్నాడు.

"మరి ఆ ఫోన్ ఇంకెవరు చూస్తరు?"

"బేరం లేనప్పుడు మధ్యాహ్నం పూట మా ఇంటామె చూస్తది మేడం. ఏమో పిల్లల కంప్యూటర్ పాఠాలని చూసేది. ఇప్పుడు చూస్తలేదు."

రూతుకు తిట్టు నోట్లోనే ఆగింది. ఇంటామె పేరేమిటని అడిగింది.

"సుమిత్ర. మీరెవరు మేడం?"

మీ అత్తగారిది జనగామేనా అని రూతు అడిగితే అవునన్నాడు. పెళ్లైన ఏడే మానుకోటలో దుకాణం ఎత్తేసి, ఇక్కడ గనులూ ఫ్యాక్టరీ వచ్చి బేరం బాగుందని వచ్చేశామన్నాడు. మానుకోటలో తాను తిరిగిన దుకాణాలన్నీ రూతు కళ్ల ముందు నిలబడ్డాయి. ఆమె లేని ఊళ్లో ఇన్నేళ్లు వెతికింది. ఆమె వెతుక్కుంటూ వచ్చి తలుపు తడితే మాత్రం, పిల్లలందరి ముందు నిలబెట్టి, వేలు చూపించి, చప్పట్ల మధ్య గెంటేసింది.

రూతు వచ్చిందని చెప్పండి, జనగామ రూతు అని చెప్పండి అని ఎలాగో అన్నది. గల్లా పక్కనుంచి పైకి మెట్లున్నాయి. వెంకటేష్ పైకి పోయాడు. రూతు నూనె డబ్బాల పక్కన నిలబడింది. శిక్షణ మళ్లీ మొదలయ్యే వేళ దాటిపోతోంది. ఎవరో ఒకామె వచ్చి చింతపండు అడిగింది, ఎవరూ లేకపోవడం చూసి వెళ్లిపోయింది. పైనుంచి మాటలు వినబడలేదు. చాలాసేపటికి ఆయన ఒక్కడే దిగివచ్చాడు. ఎటు చూడాలో తెలియక కారం పొట్లాల వైపు చూశాడు.

"మిమ్మల్ని ఎరుగనన్నది మేడం. ఎరుగనోళ్లతోని మాట్లాడనన్నది."

ఆ మాట అనే హక్కు సుమిత్రకుంది. నూరుసార్లుంది. తిరిగిపోదామని రూతు ఒక అడుగు వెనక్కి వేసింది.

"అన్నది గాని," అన్నాడు వెంకటేష్ మెల్లగా, "పొయ్యి కాడ కూసోని ఏడుస్తున్నది. ఏమైందో నాకు చెప్తలేదు."

రూతు ఆగింది. మెట్ల వైపు చూసింది. జనగామలో అలాంటి దారి పక్కన ఎన్నిసార్లు నిలబడిందో ఆమెకు తెలుసు. అప్పుడు పిలుపు కోసం చూసింది, రాలేదు. ఇప్పుడూ రాలేదు. కిందే చెప్పులు విడిచి మెట్ల దగ్గరికి పోయింది. మొదటి మెట్టు మీద ఉల్లిగడ్డ బస్తా అడ్డంగా ఉంది. వెంకటేష్ ఏదో అనబోయి, దుకాణం వెనక తండ్రి పడుకున్న గది వైపు ఒకసారి చూసి, అనకుండానే వచ్చి బస్తాను పక్కకు లాగాడు.

వంటింట్లో సుమిత్ర పీట మీద అటు తిరిగి కూర్చుని ఉంది. ఒళ్లు చేసింది, జుట్టు పలచబడింది. రూతు వెనక నుంచి చూసి కూడా గుర్తుపట్టింది. నేనే అని మాత్రం అనగలిగింది. సుమిత్ర తిరగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, గోడతో చెప్పినట్టు చెప్పింది.

"మా ఇంట్ల ఆడోళ్ల ఫొటోలు పెట్టరే. పేరు పెట్టుకుంటనన్నా ఒద్దన్నరు. మెసేజ్ రాస్తే అందరు చదువుతరని నొక్కుడు ఒక్కటే చేసిన. గా డబ్బా బొమ్మ చూసి నువ్వెట్ల గుర్తుపడ్తవ్? నాకు తెల్వదా? తెలుసు. అయినా నువ్వు గుర్తుపడ్తవనుకున్న. నీ ముఖం చూసుకుంటందుకే పిల్లల ఫొటోలన్ని చూసేదాన్ని. ఆఖరికి గా ఫొటో చూసిన. నా దిక్కు వేలు చూపిస్తున్నవ్."

రూతుకు చెప్పుకోవడానికి ఎంతో ఉంది. ఆ ఖాతా తెరిచిందే నీ కోసమని, తాళం వెయ్యలేదని, మానుకోటంతా తిరిగానని. కానీ అప్పటికి తప్పు దిద్దుకోవాలన్న తొందర ఒక్కటే మిగిలింది. గబగబా సంచిలోంచి ఫోన్ తీసింది. బ్లాక్ చేసిన వాళ్లు ఎక్కడుంటారో పిల్లలకు కళ్లు మూసుకుని చెప్పే మనిషి, ఇప్పుడు అది దొరక్క, తెర మీద పైకీ కిందికీ తడుముకుంటోంది. ఇప్పుడే తీసేస్తాను, ఒక్క నిమిషం ఆగు, ఇప్పుడే అంటోంది.

సుమిత్ర పీట మీద నుంచి ఇటు తిరిగింది. రూతు చేతిలో ఫోన్ తీసుకుని బోర్లా నేల మీద పెట్టింది.

"గది తర్వాత చేసుకోవచ్చు," అంది. "జర నన్ను చూడవే."